రాగిరేకులమీది మాట, నోటనున్న పాట

గ్రామములకు పోయినపుడు పెద్దలు నన్ను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "ఏమండీ, రేడియోలో అన్నమయ్య పాటలు వినవచ్చుచున్నవి గదా, అన్నమయ్యగారు గూడ వానిని ఈ వరుసలోనే పాడిరా?" అని వారడుగుదురు. వినుటకిది చిన్న ప్రశ్నయే. కాని సమాధానము చెప్పబూనినచో, మన భక్తిసంగీతము ఏ దారిని మనవరకు వచ్చినదో, దారిలో ఏది జారిపోయినదో చెప్పక తీరదు. సమాధానమును ముందుగానే చెప్పివేసెదను. మాటలు అన్నమయ్యవి. వరుస ఆయనది కాదు. మాట నిలిచి వరుస పోవుట ఎట్లు జరిగినదో, వరుస నిలిచి మాట చెడుట గూడ ఎట్లు జరుగునో నేడు కొంత మనవి చేసెదను.

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో జన్మించి 1503లో దేహము చాలించిన మహనీయుడు. కడప సీమలో రాజంపేటకు చేరువనున్న తాళ్ళపాక ఆయన స్వగ్రామము. పదునారవ యేట స్వామి యనుగ్రహమునంది 1424లో పాడ నారంభించెననియు, అది మొదలు అంత్యకాలము వరకు పాడుచునే యుండెననియు రాగిరేకులలోనే చెక్కియున్నది. ఆయన రచించిన సంకీర్తనములు ముప్పదిరెండు వేలని ప్రసిద్ధి. మనకు దక్కినవి పండ్రెండు, పదునాలుగు వేల నడుమ నుండును. ఇంతటి రాశి దక్కుటకు కారణము ఆ వంశమువారి ముందుచూపు. తాటియాకునకు చెదలభయమును, తేమభయమును ఉన్నవి. కుమారుడైన పెదతిరుమలాచార్యులును, మనుమడైన చినతిరుమలాచార్యులును స్వయముగా వాగ్గేయకారులు. వారి కాలమున ఈ పాటలన్నియు రాగిరేకులమీద చెక్కబడి, తిరుమల యాలయములోనే, హుండీ కెదురుగానున్న యొక చిన్న రాతిగదిలో భద్రపరుపబడినవి. దానిని సంకీర్తన భాండారమనియు, తాళ్ళపాకవారి అర యనియు పిలుతురు. ద్వారమున కిరుప్రక్కల రెండు శిలావిగ్రహములున్నవి. కొండకు పోయిన వారిలో వానిని తేరిపార చూచినవారు ఎందరుందురో!

రేకులు అరలోనికి పోయినవి. పాడు నోళ్ళు క్రమముగా తగ్గినవి. 1565లో తళ్ళికోట యుద్ధముతో విజయనగర వైభవ మస్తమించెను. దాని నీడను వర్ధిల్లిన విద్యలన్నియు చెట్టునకొకటి పుట్టకొకటిగా చెదరినవి. రెండున్నర శతాబ్దములు గడచుసరికి ఆ రేకులలో నేమున్నదో గూడ లోకమునకు తెలియని స్థితి యేర్పడెను. దీనికొక తార్కాణము కలదు. 1816లో చెన్నపట్టణమున ఏ. డి. కాంబెల్ దొర తెలుగు వ్యాకరణ మొకటి అచ్చు వేయించెను. తిరుమలలో రాగిరేకులున్నవని విని, అందు ప్రాచీన వ్యాకరణ మేదైన నుండునేమో యని ఆయన వానిని పరీక్ష చేయించెను. తీరా చూడగా అవి స్వామిమీది స్తోత్రములని తేలినది. వ్యాకరణము వెదకువానికి పాటలతో పనిలేదు. మరల నూరేండ్లు గడచిన పిమ్మట గాని వాని అదృష్టము పండలేదు. 1920 తరువాతి యేండ్లలో దేవస్థానపు శాసనపరిశోధకులైన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వానిని వెలికి తెచ్చుటకు పాటుపడిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించి ప్రకటించుటకు పూనుకొని 1950లో పరమపదించువరకు శ్రమించిరి.

రేకులు వెలికి వచ్చిన తరువాత పండితులు చూచిన దేమి? ప్రతి పాటకు పైన రాగము పేరున్నది. దాని క్రింద పల్లవియు, చరణములును ఉన్నవి. అంతే. స్వరము లేదు. తాళము పేరు గూడ సామాన్యముగా కానరాదు. "రాగము పేరున్నది గదా, మరి పాడుటకు కొరత యేమి?" అని మీ రనవచ్చును. ఇక్కడనే అసలు చిక్కు.

రాగము వేరు, వరుస వేరు. కుమ్మరి యొకే మట్టితో కుండ చేయును, మూకుడు చేయును, ప్రమిద చేయును. ఇది ఫలానా చెరువు మట్టి యని చెప్పినంత మాత్రమున ఏ పాత్ర చేసెనో మనకు తెలియదు. రాగము మట్టి, వరుస పాత్ర. మోహనరాగమున నూరుపాట లుండును; నూటికిని నూరు వరుసలుండును. కనుక రేకుమీద రాగము పేరు చూచి వరుసను కనుగొనుట మానవమాత్రునికి సాధ్యము కాదు.

పోనీ, మట్టియైన నిజముగా తెలిసినదా? అదియును సందేహమే. రేకులలో ఆబాలి, అమరసింధు, కొండమలహరి మొదలగు రాగముల పేర్లు కలవు. నేటి కచేరీలలో ఈ పేర్లు వినబడవు. వినబడు పేర్లతోనైన తంటా తీరలేదు. ముఖారిని చూడుడు. 1550లో విజయనగరమున రామామాత్యుడు స్వరమేళకళానిధి యను గ్రంథమును వ్రాసెను. అందు ముఖారి యనగా శుద్ధస్వరములన్నియు గల మొదటి మేళము. నేడు మనము ముఖారి యని పాడు రాగమో ఖరహరప్రియ మేళమునుండి పుట్టినది. రెండింటి స్వరములు వేరు. పేరు నిలిచినది, రూపు మారినది. తాత పేరు మనుమనికి పెట్టినంతమాత్రమున మనుమని ముఖము చూచి తాత ముఖమును చిత్రింప గలమా? అందుచేత రేకుమీద ముఖారి యని యున్నపుడు అది నేటి ముఖారి యని తలచి పాడినను అన్నమయ్య నోటి ముఖారి మనకు చిక్కినట్లు కాదు.

తాళము విషయమున మాత్రము కొంత ఊరట కలదు. తెలుగు పాటలో మాటల కూర్పే తాళమును పట్టి యిచ్చును. యతి యెక్కడ పడినది, ప్రాస యెక్కడ నిలిచినది, పదములు మూడు మాత్రలుగా విరుగుచున్నవా, నాలుగుగానా, అయిదుగానా, ఏడుగానా యని చూచినచో నడక దొరకును. ఇది చదువుకొన్న పండితులకే గాదు. భజనలో చిడతలు పట్టినవానికి చెవితోనే తెలియును. క్రొత్త పాట చేతికిచ్చి చదువుమనుడు; తకిట యని పోవునదో, తకధిమి యని పోవునదో, తకతకిట యని పోవునదో వాని మునివ్రేళ్ళు మీకు చెప్పును. చినతిరుమలాచార్యులు సంకీర్తన లక్షణ మను గ్రంథమున పదముల కట్టుబాటును విపులముగా చెప్పెను. ఆ లక్షణగ్రంథము వలన గూడ పాట నెట్లు కూర్పవలెనో తెలియునే గాని, తాతగారు కూర్చిన వరుస తెలియదు.

ఇట్లు ఎముకల గూడు మాత్రము దక్కిన పాటలకు క్రొత్తగా ప్రాణము పోసిన పెద్దలు కలరు. వారిలో మొదట చెప్పదగినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. అనంతపుర మండలమున 1893లో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించి, పిమ్మట తిరుపతికి వచ్చి, సాహిత్యమును సంగీతమును సమముగా నెరిగినవారగుటచే నూటికి పైగా కీర్తనలకు స్వరములు కూర్చిరి. 1979లో వారు స్వర్గస్థులైరి. 1978లో దేవస్థానము వారు ఈ పనికై ప్రత్యేకముగా అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించిరి. నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు మొదలగువారు మరెన్నో పాటలకు వరుసలు కట్టిరి. నేదునూరివారు 2014లోను, బాలకృష్ణప్రసాద్‌గారు 2025లోను మనలను వీడిరి. 1980 ప్రాంతమున ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన రికార్డులతో ఈ పాటలు తెలుగు రానివారి యిండ్లలో గూడ మ్రోగినవి. నాలుగు వందల యేండ్లు అరలో నిద్రించిన పాట నలువది యేండ్లలో దేశమంతయు నిండినది.

క్రొత్త వరుస కట్టుట అపచారమని కొందరందురు. నేనట్లు తలపను. వరుస లేని పాట చదువుకొను పద్యమగును గాని పాట కాదు. కాని ఏ వరుస యెవరిదో చెప్పకుండుట మాత్రము నాకు సమ్మతము గాదు. రచయిత అన్నమాచార్యులు, స్వరకల్పన ఫలానావారు అని చెప్పుటకు ఒక్క క్షణము పట్టును. చెప్పకపోయినచో వినువాడు రెంటిని ఒక్కరివే యనుకొనును. రాబోవు తరమువారు తెలుగు సంగీతము పదునైదవ శతాబ్దమున నిట్లుండెడిదని గ్రంథములు గూడ వ్రాయుదురు.

ఇక త్యాగరాజస్వామి సంగతి చూతము. ఆయన పాటలను రాగిమీద చెక్కినవారు లేరు. అయినను వరుసలు దక్కినవి. ఇది విచిత్రము గదా! ఆయన 1767లో తిరువారూరున, తంజావూరు సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించి, కావేరి యొడ్డున తిరువయ్యారున నివసించి, 1847లో సిద్ధి పొందెను. రాజాశ్రయమును కోరక, వీధులవెంట రామనామము పాడుచు ఉంఛవృత్తిచే జీవించెను. పాటలను పెట్టెలో భద్రపరచుటకు మారుగా శిష్యుల కంఠములలో భద్రపరచెను. వాలాజాపేట వెంకటరమణ భాగవతులు గురువుగారి పాటలను పుస్తకముల కెక్కించెను. ఆయన వంశమువారు దాచిన వ్రాతప్రతులు మధురలో సౌరాష్ట్ర సభ వారి కడకు చేరినవి. ఉమయాల్పురమువారు, తిల్లైస్థానమువారు అని మరి రెండు శిష్యశాఖలు కలవు. గురుముఖమున కూర్చుండి, ఒక్కొక్క పలుకును నూరుమారులు వల్లించి, తప్పినపుడు చీవాట్లు తిని నేర్చుకొనుట వారి పద్ధతి.

ఆ పరంపరలో నొక పాయ మన కృష్ణాతీరమునకు వచ్చినది. త్యాగరాజస్వామికి బంధువును శిష్యుడును అయిన మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారి వద్ద సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు నేర్చిరి. శాస్త్రిగారి వద్ద పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు నేర్చిరి. పంతులుగారి శిష్యులు 1930లో జన్మించి 2016లో పరమపదించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. లెక్కించి చూడుడు: స్వామి మొదలుకొని బాలమురళిగారి వరకు అయిదే నోళ్ళు. సుమారు రెండు వందల యేండ్ల కాలమును అయిదుగురు మనుష్యులు చేయి చేయి పట్టుకొని దాటించిరి. నడుమ నొక్కరు సోమరియైనను ఆ పాయ యింకిపోయెడిది.

నోటిపాట చెక్కుచెదరలేదని మాత్రము అనరాదు. ఒకే కీర్తనమును వాలాజాపేటవా రొకతీరున, ఉమయాల్పురమువారు వేరొక తీరున పాడుదురు. సంగతులనగా నేమో చాలమందికి తెలియును. ఒకే పంక్తిని మరల మరల పాడుచు, ప్రతి పర్యాయము కొంత విస్తరించుట. ఈ సంగతులలో స్వామివారివి యెన్ని, శిష్యులు చేర్చినవి యెన్ని యని విడదీయుట కష్టము. మఱియు, వరుసను కాపాడిన నోళ్ళే మాటను నలిపివేసినవి. తెలుగు తెలియని గాయకులు అరవలిపిలో వ్రాసికొని నేర్చిరి. ఆ లిపిలో కకారమునకు, గకారమునకు ఒకటే అక్షరము. తకారమునకు, దకారమునకు ఒకటే అక్షరము. విరుపు తప్పినచోట అర్థము తలక్రిందులగును. పాడువాని కంఠము మధురముగా నుండును, మన చెవికి మాత్రము ముల్లు గ్రుచ్చుకొనును. వారిని నిందించుటకు నాకు మనసొప్పదు. ఎందుకనగా అర్థము తెలియని భాషలో వేలకొలది పాటలను భక్తితో కాపాడినవారు వారు. అర్థము తెలిసిన మన యిండ్లలో ఎన్ని మరపునకు వచ్చినవో!

రాగిరేకులును, గురుకులమును రెండును లేని మూడవ దారి గ్రామములది. భద్రాచల రామదాసు కీర్తనములు ఆ దారిని వచ్చినవి. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న గోలకొండ తానాషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, ఆలయమునకు ద్రవ్యమును వినియోగించి, చెరసాల పాలయిన కథ మీకు నేను చెప్పనక్కరలేదు. 1687లో గోలకొండ మొగలాయిల వశమయ్యెను. చెరసాలలో స్వరములు వ్రాసినవారు లేరు. అయినను వందయేండ్ల తరువాత కావేరీతీరమున త్యాగరాజస్వామి తన కృతులలో రామదాసును స్మరించెను. గుంటూరు ప్రాంతమువారైన తూము నరసింహదాసుగారు తిరువయ్యారు పోయి స్వామివారిని దర్శించి వచ్చిరని భక్తపరంపర చెప్పును. పాట కాలినడకను పోయి కాలినడకను వచ్చెడిది.

ఈ పాటలు బ్రతుకుటకు వాని కట్టడియే కారణమని నా యభిప్రాయము. భజనకీర్తనమున ఒకరు ముందు పాడుదురు, తక్కినవారు వంత పాడుదురు. పల్లవి కొక వరుస, చరణములన్నిటి కొకే వరుస. ఎనిమిది చరణములున్నను నేర్వవలసినవి రెండే. అందుచేత చదువు రానివాడును, గొంతు లేనివాడును గూడ భజనలో చేరగలడు. త్యాగరాజస్వామి గూడ దివ్యనామ కీర్తనములను, ఉత్సవసంప్రదాయ కీర్తనములను ఈ తీరుననే కూర్చెను. పెద్దకృతులు కచేరీకి, ఇవి గోష్ఠికి అని ఆయన కాదె తెలిసినది! స్త్రీల పాటలును ఈ కోవలోనివే. జో అచ్యుతానంద యను జోలపాట అన్నమయ్యదని లోకప్రసిద్ధి. నవరోజు రాగపు వరుసలో దానిని పాడుచు ఉయ్యెల యూచు తల్లు లెవ్వరును రాగిరేకులు చూచి నేర్వలేదు.

మా గ్రామపు రామమందిరమున శనివారపు భజనకు పెద్దదిక్కుగా నొక వృద్ధు డుండెడివాడు. రామదాసు కీర్తన మొకటి ఆయన పాడు వరుస మరియెక్కడను నేను వినలేదు. కచేరీలలో లేదు, అచ్చు పుస్తకములలో లేదు. ఆయన పోయిన తరువాత కుర్రవారు రికార్డులోని వరుసనే ఆ పాటకు పాడసాగిరి. చాల యేండ్లకు, పదిక్రోసుల దూరమున నున్న వేరొక గ్రామమున ఒక ముసలమ్మ తిరుగలి విసరుచు అదే వరుసను కూనిరాగము తీయుచుండగా నా చెవిని పడినది. విచారింపగా ఆమె ఆ వృద్ధుని మేనకోడలు. బాల్యమున మేనమామ యింట విన్నదట. "నాకంత రాదయ్యా, మొదలు, ఒక్క చరణము మాత్రమే వచ్చు" అని సిగ్గుపడినది. ఆ యొక్క చరణమే చాలినది! చరణములన్నియు ఒకే వరుస గదా. పుస్తకములోని తక్కిన ఏడు చరణములును ఆ వరుసలో నొదిగి కూర్చున్నవి.

వ్రాతయందు స్వరము చేర్చు పద్ధతి మనకు లేకపోలేదు. ఎట్టయాపురమున సుబ్బరామ దీక్షితులుగారు 1904లో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులిపిలోనే యున్నది. అందు స్వరములతో బాటు గమకములకు గూడ గుర్తులు కలవు. దక్షిణదేశ సంగీతమున కంతటికి అదొక నిధి. కాని అది రాజాస్థానపు సంగీతము. గ్రామపు భజన వరుసలను అంత శ్రద్ధతో వ్రాసినవారు అరుదు. స్వరము వ్రాయుట రాదని నేడు చింతింప నక్కరలేదు. మనుమని చేతిలోని ఫోనే పాటను పట్టి యుంచును. అది పట్టునపుడు కొన్ని సంగతులు తెలిసియుండవలెను. పల్లవి మొదలు కడపటి చరణము వరకు పాడవలెను. మద్దెల, హార్మోనియము లేక వట్టిగొంతుతో నొకసారి, తాళములతో నొకసారి పాడిన మంచిది. ఏలయన వాద్యముల సందడిలో గమకము మరుగుపడును. గొంతు వణకినదని మరల మరల పాడింపరాదు. పాట యెవరి వద్ద, ఏ యూర, ఏ ప్రాయమున నేర్చితిరో పాడువారి నోటనే చెప్పింపవలెను. మాటలయందు అనుమానము వచ్చినచోట అచ్చుపుస్తకముతో పోల్చిచూడవచ్చును. కాని పాడినవారు పలికినదానిని దిద్ది చెరిపివేయక, రెండును వ్రాయవలెను. ఫోనులు పాడగును, పోవును. కనుక ఒక ప్రతి వేరొకరి కడ నుంచుట మేలు. తాళ్ళపాకవారు ఒకే అరలో దాచిరి. త్యాగరాజస్వామి పలు కంఠములలో దాచెను.

ముసలమ్మ పాడిన పాటను నేను మా రామమందిరపు వారికి వినిపించితిని. పల్లవికి మరల వచ్చు చోట వృద్ధుడు పైకి పోయి దిగెడివాడని యొకరు, లేదు, నేరుగా దిగెడివాడే, ఆమె పాడినదే సరి యని వేరొకరు వాదమునకు దిగిరి. ఇద్దరును డెబ్బది దాటినవారే. ఇద్దరును ఆయన ప్రక్క కూర్చుండి చిడతలు వాయించినవారే. భజన పుస్తకమున రెండు తీరులను ఎక్కించితిమి. పైన రచన రామదాసుగారిదని వ్రాసి, వరుస కూర్చినవా రెవరో తెలియరనియు, మా గ్రామమున పాడెడి పాతవరుస యనియు, ఫలానావారి మేనకోడలి వలన మరల దొరికినదనియు క్రింద వ్రాసితిమి. వచ్చిన శనివారము ఇరువురును ఎవరి తీరున వారు పాడిరి. వంత పాడువారు మాత్రము, ముందు ఎవరు పాడిన వారి తీరుననే అందుకొనిరి.